అట్టల్లా బిగిసిన తువ్వాళ్లు, డ్రమ్ములో కప్పు వెనిగర్: ఒక ఇంటి కేసు

వాషింగ్ మెషిన్ల సర్వీసు పనిలో నాకిది పద్నాలుగో ఏడు. మొదట్లో మోటారు, పంపు, సర్క్యూట్ బోర్డు, ఇంతవరకే చూసేవాణ్ణి. రానురాను తెలిసొచ్చింది ఏమిటంటే, "మెషిన్ సరిగ్గా ఉతకట్లేదు" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మెషిన్‌లో లోపమే ఉండదు. నీళ్లలో ఉంటుంది, పౌడరు కొలతలో ఉంటుంది, లేకపోతే ఎక్కడో విని మొదలుపెట్టిన చిట్కాలో ఉంటుంది. ఈ కేసులో ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వెనిగర్ అంటే నాకు వ్యతిరేకత ఏమీ లేదు, మా ఇంట్లోనూ వాడతాం. కానీ దాన్ని ఎక్కడ పోయాలో, ఎంత పోయాలో, దేనికి పోయకూడదో చూసుకోకపోతే ఏమవుతుందో ఈ ఇంట్లో కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు. అందుకే కొలతలతో సహా రాస్తున్నాను.

ఇంట్లోవాళ్లు చెప్పింది

ఐదుగురున్న ఇల్లు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఏడు కిలోల ఫ్రంట్‌లోడ్ మెషిన్, కొని ఐదేళ్లయింది. ఫోన్ చేసింది కోడలు. "డ్రమ్ము తిరుగుతోంది, నీళ్లు బయటికి పోతున్నాయి, అంతా బాగానే ఉందండీ. కానీ బట్టలు ఉతికినట్టే ఉండట్లేదు" అంది.

వెళ్లి కూర్చున్నాక ఒక్కొక్కటిగా చెప్పారు. తువ్వాళ్లు ఆరాక అట్టముక్కల్లా నిలబడుతున్నాయి. ఒళ్లు తుడుచుకుంటే నీళ్లు పీల్చుకోవు, అటూ ఇటూ పూస్తాయంతే. తడి తగిలిన కాసేపటికే పుల్లటి ముక్క వాసన. ముదురు రంగు ప్యాంట్ల మీద తెల్ల చారలు. చిన్నవాడికి బనియన్ మెడ దగ్గర దురద, గోకి గోకి ఎర్రగా అయింది.

అత్తగారు లోపలికెళ్లి ఒక తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నువ్వే చూడు బాబూ, దీంతో పసివాడి ఒళ్లెలా తుడవమంటావు?"

"ఏమేం వేస్తున్నారమ్మా ఉతికేటప్పుడు?" అని అడిగాను.

కోడలు చెప్పుకుంటూ వచ్చింది. ఎనిమిది నెలల కిందట ఒక వీడియో చూసి వెనిగర్ మొదలుపెట్టారు. మొదట రెండు మూడు చెంచాలు, సాఫ్టెనర్ పోసే అరలో. తువ్వాళ్లు మెత్తబడ్డాయి, అందరికీ నచ్చింది. తర్వాత వాసన మొదలైతే మోతాదు పెంచారు. ఆ అర చాలక నేరుగా డ్రమ్ములో బట్టల మీదే పోయడం మొదలైంది. నేను వెళ్లేనాటికి ప్రతి ఉతుకుకీ నిండు కప్పు, అంటే 250 మి.లీ. వాసనకి మంచిదని దాంతోపాటే రెండు చెంచాల బేకింగ్ సోడా. మురికి వదలట్లేదని పౌడరు ఒకటిన్నర రెట్లు. గరుకు పోవట్లేదని సాఫ్టెనర్ కూడా. ప్రోగ్రాం మాత్రం ఎప్పుడూ ఒకటే, చన్నీళ్లలో అరగంట. డ్రమ్ము తలుపు దాకా బట్టలు.

"మొదట్లో బాగా పనిచేసిందండీ, అందుకే పెంచుకుంటూ పోయాం" అంది. ఈ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కేసంతా ఆ ఒక్క మాటలో ఉంది. మొదట్లో పనిచేసిన వెనిగర్ వేరే చోట, వేరే సమయంలో, వేరే కొలతలో పడింది. ఎనిమిది నెలల తర్వాత పేరొక్కటే అదే, జరుగుతున్న పని పూర్తిగా వేరు.

నేను చూసింది

ముందు మెషిన్ చూశాను. తలుపు దగ్గరి రబ్బరు గాస్కెట్ కింది మడత విప్పితే నల్లటి జిగురు, వేలితో గీస్తే ఊడొచ్చింది. డ్రైన్ ఫిల్టర్‌లో బూడిదరంగు ముద్ద. డిటర్జెంట్ ట్రే వెనక సాఫ్టెనర్ గడ్డకట్టి జెల్లీలా ఉంది. డ్రమ్ము అంచున తెల్లటి పొర. దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే సన్నటి బుడగలు లేచాయి. అంటే అది సున్నపు పొర, కాల్షియం కార్బొనేట్.

ఇక తువ్వాళ్లు. ఇక్కడ నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఆరిన తువ్వాలును ముందు గట్టిగా నాలుగుసార్లు దులపాలి, రెండు చేతులతో నలపాలి. దాంతో మెత్తబడితే ఆ గరుకు ఆరబెట్టడం వల్ల వచ్చింది, భయపడాల్సిన పని లేదు. నలిపినా గరగరలాడుతుంటే నూలులో ఏదో దిగి ఉందన్నమాట. ఈ తువ్వాలు నలిపినా మారలేదు. ఒక నల్లటి గుడ్డ తెప్పించి దాని మీద గట్టిగా రుద్దాను. గుడ్డ మీద ముగ్గుపొడి చల్లినట్టు సన్నటి తెల్లపొడి. అత్తగారు వేలితో అద్ది చూసి, "ఇదంతా మా ఒంటికి రాసుకుంటున్నామా?" అన్నారు.

అదే తువ్వాలును బకెట్ వేణ్ణీళ్లలో, ఏ పౌడరూ వేయకుండా ముంచి పిసికాను. నీళ్లు పాలలా మారాయి, పైన నురగ తేలింది. ఉతికి, జాడించి, ఆరేసి, మడతపెట్టిన తువ్వాలు అది. దాన్లో సబ్బు ఇంకా మిగిలే ఉంది. తడి గుడ్డ మీద పీహెచ్ స్ట్రిప్, అంటే ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే కాగితం అద్దితే 9 రంగు చూపించింది. 7 అంటే సమం, కింద ఉంటే ఆమ్లం, పైన ఉంటే క్షారం.

ఈ 9 వాళ్లకి అర్థం కాలేదు. అన్నేసి కప్పుల వెనిగర్ పోస్తే బట్ట పుల్లగా ఉండాలి కదా అని కోడలి ప్రశ్న. మంచి ప్రశ్న. డ్రమ్ములో పోసిన వెనిగర్ మొదటి ఉతుకులోనే డిటర్జెంట్‌లోని క్షారంతో కలిసిపోయి, మొదటి నీళ్లతోనే బయటికి పోయింది. ఆ తర్వాత రెండుసార్లు జాడించింది ఉత్త నీళ్లు. బట్టలు కుక్కి ఉండడంతో అవీ లోపలిదాకా వెళ్లలేదు. అంటే ఆమ్లం అవసరమైన ఘట్టం వచ్చేసరికి అక్కడ ఆమ్లం లేదు.

నీళ్లు. ఇంటాయన టీడీఎస్ మీటర్ తెచ్చి చూపించారు, 620. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపిన లెక్క. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో అది చెప్పదు. చుక్కలు లెక్కపెట్టే కిట్‌తో చూస్తే కాఠిన్యం లీటరుకి 380 మిల్లీగ్రాములు, క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే గుణం, 320. బాగా కఠినమైన నీళ్లు. నా లెక్కలన్నీ ఈ రెండు అంకెల మీదే నడిచాయి.

కప్పు వెనిగర్ డ్రమ్ములో ఏం చేసింది

తెల్ల వెనిగర్ అంటే నీళ్లలో 5 శాతం అసిటిక్ ఆసిడ్. సీసాలో దాని పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. డిటర్జెంట్ పౌడరు దీనికి పూర్తిగా ఎదురు, నీళ్లలో వేస్తే పీహెచ్ 10 దగ్గరికి వెళ్తుంది. ఆ క్షారం ఊరికే పెట్టింది కాదు. జిడ్డును విడగొట్టేది, మురికిని బట్ట మీద తిరిగి వాలకుండా ఆపేది అదే. చెమట, రక్తం లాంటి మరకల మీద పనిచేసే ఎంజైములు కూడా క్షారంలోనే చురుగ్గా ఉంటాయి.

250 మి.లీ. వెనిగర్‌లో 12.5 గ్రాముల ఆమ్లం ఉంటుంది. అది దాదాపు 11 గ్రాముల సోడా యాష్‌ని, అంటే పౌడరుకి క్షారాన్నిచ్చే సోడియం కార్బొనేట్‌ని, పూర్తిగా తినేస్తుంది. ఒక ఉతుకుకి వేసే పౌడరులో ఉండే సోడా అటూ ఇటుగా అంతే. అంటే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పౌడరు వేసి, దాని బలాన్ని అదే చేత్తో తీసేస్తున్నారు. మురికి వదలదు, పౌడరు పెంచుతారు, వాసన వస్తుంది, వెనిగర్ పెంచుతారు. ఎనిమిది నెలలు ఇదే చక్రం.

ఇంకో సంగతి. ఫ్రంట్‌లోడ్ పౌడర్లలో నురగ అదుపులో ఉండడానికి కొంత అసలు సబ్బు కూడా కలుపుతుంటారు. సబ్బు నీళ్లలో ఆమ్లం పడితే సబ్బు విరిగిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. అవి నీళ్లలో కరగవు, జిడ్డు పొరలా బట్టకీ డ్రమ్ముకీ పట్టుకుంటాయి. నమ్మకం కలగకపోతే గ్లాసుడు సబ్బు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ పోసి చూడండి. నిమిషంలో తరకలు తరకలుగా విరుగుతుంది. నేను వాళ్ల వంటింట్లోనే గ్లాసులో చేసి చూపించాను. దీని పైన సాఫ్టెనర్ ఇంకో పూత వేసింది. సాఫ్టెనర్ పనిచేసేదే పోగుల మీద పూతలా పరుచుకోవడం వల్ల, అందుకే తువ్వాలు నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.

బేకింగ్ సోడా విషయం తేలిక. వెనిగర్‌తో కలిస్తే పొంగుతుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. పొంగు ఆగాక మిగిలేది సోడియం అసిటేట్ కరిగిన నీళ్లు. రెండూ ఒకదాన్నొకటి చంపేసుకున్నాయి, బట్టకి దక్కింది ఏమీ లేదు.

ముందుగా ఆపించింది

వాసన గురించి మాట్లాడుతుండగా కోడలు ఒక మాట అంది. రెండు వారాల కిందట తెల్ల బట్టలకని ట్రేలో క్లోరిన్ బ్లీచ్ పోసి, అలవాటు ప్రకారం డ్రమ్ములో వెనిగర్ కూడా పోసిందట. కాసేపటికి గదిలో ఘాటు, కళ్లు మంట, దగ్గు. కిటికీ తీసి బయటికి వచ్చేసింది. "బ్లీచ్ వాసనే అంత కదా అనుకున్నానండీ" అంది.

అది బ్లీచ్ వాసన కాదు, క్లోరిన్ వాయువు. బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్‌లో ఏ ఆమ్లం పడినా క్లోరిన్ విడుదలవుతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు అది. తలుపు మూసిన చిన్న గదిలో, పక్కన పిల్లలుండగా జరిగింది. నా చేతులు నిజంగా చల్లబడ్డాయి. మిగతా పనంతా పక్కనపెట్టి, బ్లీచ్ సీసా తీసి వేరే గదిలో పై అరలో పెట్టించాను. ఒకే ఉతుకులోనే కాదు, ఒకదాని తర్వాత ఒకటి కూడా వద్దని చెప్పాను. బ్లీచ్ వాడిన బట్టని మామూలుగా పూర్తిగా ఉతికి, బాగా జాడించాకే వెనిగర్ మాట. ఎప్పుడైనా ఆ ఘాటు వస్తే సీసాలు సర్దుతూ నిలబడకూడదు. వెంటనే గదిలోంచి బయటికి రావాలి, దగ్గు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కూడా వెనిగర్ కలపకూడదు, కళ్లనీ చర్మాన్నీ మండించే పెరాసిటిక్ ఆసిడ్ తయారవుతుంది. ఇక 25 శాతం, అంతకు మించిన గాఢ అసిటిక్ ఆసిడ్ దొరుకుతుంది, కొందరు దాన్ని నీళ్లు కలిపి వాడుకుందామనుకుంటారు. ఒక్క చిందు పడినా చర్మం కాలుతుంది. ఇంట్లోకి అది అక్కర్లేదు.

చేసిన పని

ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకని వారానికొకటి చొప్పున మార్చాను.

మొదటి వారం వెనిగర్, సోడా, సాఫ్టెనర్ మూడూ బంద్. గాస్కెట్, ట్రే, ఫిల్టర్ చేత్తో శుభ్రం చేసి, ఖాళీ డ్రమ్మును 90 డిగ్రీల్లో పౌడరు వేసి తిప్పాం. రెండు రోజుల తర్వాత విడిగా, 100 గ్రాముల సిట్రిక్ ఆసిడ్‌తో 60 డిగ్రీల్లో ఇంకోసారి. సున్నపు పొర తీయడానికి వెనిగర్ కన్నా నాకు సిట్రిక్ ఆసిడే నచ్చుతుంది. 100 మి.లీ. వెనిగర్ చేసే పని ఐదున్నర గ్రాముల సిట్రిక్ పొడి చేస్తుంది, ఘాటు వాసన ఉండదు, కాల్షియంని పట్టి ఉంచుతుంది కూడా. మరీ మరిగే వేడిలో వాడితే మాత్రం కాల్షియం సిట్రేట్‌గా తిరిగి పేరుకోవచ్చు, అందుకే 60 దాటనివ్వను.

రెండో వారం తువ్వాళ్లు. ముందు జిడ్డు, సబ్బు వదలాలి, తర్వాతే సున్నం. ఈ వరస తప్పితే జిడ్డు పొర కింద ఉన్న సున్నాన్ని ఆమ్లం తాకలేదు. నాలుగేసి తువ్వాళ్లు మాత్రమే వేసి 60 డిగ్రీల్లో, కఠిన జలానికి డబ్బా మీద రాసిన కొలతతో, రెండుసార్లు ఉతికించాను. రెండో ఉతుకు తర్వాత జాడించిన నీళ్లలో నురగ లేదు.

ఆ తర్వాత వెనిగర్‌లో నానబెట్టడం. కొలత ఇక్కడ చాలా ముఖ్యం. వాళ్ల నీళ్ల క్షారత 320 కాబట్టి, 10 లీటర్ల నీళ్లలో పోసిన మొదటి 75 మి.లీ. వెనిగర్ ఆ నీళ్లతో సరిపెట్టుకోవడానికే ఖర్చవుతుంది. బట్ట దాకా రాదు. బకెట్‌లో అరకప్పు పోసి "ఏం తేడా లేదండీ" అనేవాళ్లకి జరిగేది ఇదే. అందుకని 10 లీటర్లకి 400 మి.లీ. పోయించాను. నీళ్లని మినహాయిస్తే మిగిలిన ఆమ్లం 13 గ్రాముల సున్నాన్ని కరిగించగలదు. తువ్వాలు ముంచగానే నూలు ఉచ్చుల మధ్య సూదిమొనంత బుడగలు అంటుకుని, ఒక్కొక్కటిగా పైకి లేచాయి. పిల్లలిద్దరూ బకెట్ చుట్టూ కూర్చుని చూశారు. ముప్పావుగంట నానాక నీళ్లు మసకబారాయి. తీసి బాగా జాడించి, మామూలుగా ఒకసారి ఉతికి ఆరేశారు.

మర్నాడు కోడలు ఫోన్ చేసి, "తువ్వాలు బరువు తగ్గిందండీ, చేతికి తెలుస్తోంది" అంది. తూకం వేసి చూడలేదు గానీ ఆమె మాట నేను నమ్ముతాను.

మూడో వారం నుంచి వెనిగర్‌ని దాని అసలు చోటికి తెచ్చాం. సాఫ్టెనర్ అరలో పోస్తే మెషిన్ దాన్ని చివరి జాడింపులోనే కలుపుతుంది. మోతాదు తేల్చడానికి డ్రైన్ పైపు బకెట్లలో పెట్టి చివరి జాడింపు నీళ్లు కొలిచాను, 16 లీటర్లు. వెనిగర్ లేనప్పుడు ఆ నీళ్ల పీహెచ్ 8.5. 80 మి.లీ. పోస్తే 6.5 దగ్గరికి వచ్చింది. అంతకన్నా కిందికి దించాల్సిన అవసరం లేదు. బట్టలో మిగిలిన క్షారం పోతుంది, ఆరేటప్పుడు సున్నం కొత్తగా పేరుకోవడం బాగా తగ్గుతుంది, వాసనా మిగలదు. ఇవి ఈ ఇంటి అంకెలు. మెత్తటి నీళ్లున్న ఇంట్లో 30 మి.లీ.కే ఈ ఫలితం వస్తుంది. ఒక్కో జాడింపుకి ఎన్నో రెట్లు నీళ్లు తీసుకునే టాప్‌లోడ్‌లో 80 పోసినా తేడా కనిపించదు.

వెనిగర్ నీళ్లని మెత్తబరుస్తుందని చాలామంది అంటారు. కాల్షియం ఎక్కడికీ పోదు, నీళ్లలోనే ఉంటుంది, కాకపోతే కార్బొనేట్‌గా బట్ట మీద గడ్డకట్టదు. ఉతికేటప్పుడు ఆ కాల్షియంతో తలపడాల్సింది డిటర్జెంటే. అందుకే కఠిన జలంలో పౌడరు కొలత తగ్గించి వెనిగర్‌తో సరిపెట్టుకోవడం కుదరదు.

నా వల్ల జరిగిన నష్టం

రెండో వారంలోనే, తువ్వాళ్లతో పాటు ఇంటాయన తెల్లచొక్కా ఒకటి బూడిదరంగు తిరిగిందని అదే బకెట్‌లో వేయమన్నాను. బట్ట తెల్లబడింది. గుండీలు పాడయ్యాయి. అవి ముత్యపుచిప్పతో చేసిన గుండీలు. చిప్ప అంటే కాల్షియం కార్బొనేటే. డ్రమ్ము అంచున ఏ పొరనైతే వెనిగర్ చుక్కతో కరిగించి చూపించానో అదే పదార్థం. ముప్పావుగంటలో మెరుపంతా పోయి సుద్దముక్కల్లా అయ్యాయి. చొక్కా చేతిలోకి తీసుకున్నప్పుడు గుండీలు చూడకపోవడం నా తప్పే. ఆయన ఏమీ అనలేదు. కొత్త గుండీలు నేనే తెచ్చి కుట్టించి ఇచ్చాను. అప్పటి నుంచి ఏ బట్ట నానబెట్టమని చెప్పాలన్నా ముందు గుండీలు, పూసలు తడిమి చూస్తున్నాను.

వాసన మాత్రం వెళ్లలేదు

ఇరవయ్యో రోజుకి తువ్వాళ్లు మెత్తగా ఉన్నాయి, నీళ్లు పీలుస్తున్నాయి. కానీ రెండు తువ్వాళ్లు తడి తగలగానే మళ్లీ అదే పుల్లటి వాసన. కోడలు ఉసూరుమంది. "ఇంకొంచెం వెనిగర్ పోయమంటారా?" అని అడిగింది.

ఇక్కడే వెనిగర్ మీద ఉన్న పెద్ద అపోహ ఉంది. తడి బట్టల ముక్క వాసన మీద జపాన్ పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ వాసనకి ముఖ్యకారణం మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అనీ, అది విడుదల చేసే 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆసిడ్ వల్ల ఆ కంపు వస్తుందనీ తేల్చారు. ఆ బ్యాక్టీరియా ఆరడాన్నీ, అతినీలలోహిత కాంతినీ కూడా బాగా తట్టుకుంటుంది. పేరులోనే ఉంది, ఆ కంపు పదార్థం కూడా ఒక ఆమ్లమే. ఆమ్లాన్ని ఆమ్లంతో విరవలేం. చెమట వాసనలో ఉండే ఐసోవాలెరిక్ ఆసిడ్ సంగతీ అంతే. వీటిని నీళ్లలోకి లాగేది క్షారం, వేడి. అమ్మోనియా వాసన కొట్టే పక్కబట్టలకి, చేపల నీచుకి వెనిగర్ పనిచేస్తుంది, ఎందుకంటే అవి క్షార స్వభావం ఉన్న వాసనలు. పుల్లటి ముక్క వాసనకి మాత్రం అది మందు కాదు.

క్రిములని చంపుతుందా అంటే, 80 మి.లీ. వెనిగర్ 16 లీటర్లలో పడితే ఆమ్లం గాఢత 0.025 శాతం. ఆ పలచన క్రిములని ఏమీ చేయలేదు.

ఆ రెండు తువ్వాళ్లనీ 60 డిగ్రీల వేణ్ణీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ పౌడరు, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ కలిపి రెండు గంటలు నానబెట్టించాను. వెనిగర్ దగ్గరికి కూడా రానివ్వలేదు. తర్వాత 60లో మామూలు ఉతుకు. ఆరేయడం కూడా మార్చాం. ఉతుకు అయిన వెంటనే బయటికి తీయాలి, దండెం మీద మడతగా వేయకుండా విడిగా పరచాలి, గాలి ఆడాలి. మెషిన్ తలుపు, ట్రే తెరిచే ఉంచాలి. వారానికి వాసన పోయింది, తిరిగి రాలేదు.

మిగిలిన చిన్న సంగతులు

ముదురు ప్యాంట్ల చారల మీద రెండు పరీక్షలు చేశాను. ఒక చార మీద గోరువెచ్చటి నీళ్లు, ఇంకోదాని మీద వెనిగర్ అద్దాను. గోరువెచ్చటి నీళ్లకే పోయింది. అంటే అది సున్నం కాదు, కరగని పౌడరు. ముదురు బట్టలకి లిక్విడ్‌కి మారి, డ్రమ్ములో ఒక చెయ్యి పట్టేంత ఖాళీ వదిలితే అది అక్కడితో అయిపోయింది.

పిల్లాడి దురద గురించి నేను వైద్యం చెప్పను, చర్మం డాక్టర్‌కి చూపించమన్నాను. బట్టల వైపు నుంచి నేను చేయగలిగింది అదనపు జాడింపు ఒకటి పెట్టించడం. చర్మం పైపొర పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది, రోజంతా 9 ఉన్న బనియన్ ఆనుకుని ఉండడం దానికి మంచిది కాదు. నెలలోపు గోకుడు తగ్గిందని వాళ్లమ్మ చెప్పింది. ఇందులో ఎక్కువ పేరు అదనపు జాడింపుకే ఇస్తాను, వెనిగర్‌కి తర్వాతే.

రంగు పోకుండా ఉండాలని కొత్త బట్టల్ని వెనిగర్‌లో నానబెట్టొచ్చా అని అత్తగారు అడిగారు. నూలు బట్టకి దాంతో రంగు నిలవదు. ఆమ్లంతో, వేడితో రంగు పట్టించేది ఉన్ని, పట్టు, నైలాన్‌లకి, అదీ అద్దకం వేసే దగ్గర. ఉన్ని స్వెటర్‌ని చేత్తో ఉతికినప్పుడు మాత్రం చివరి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ మంచిదే. ఉన్నికి క్షారం పడదు, కాస్త ఆమ్లం వైపు ఉంటేనే పోగు బాగుంటుంది.

తువ్వాళ్ల గరుకు పూర్తిగా పోలేదు. దండెం మీద గాలాడకుండా ఆరిన రోజున ఇంకా కొంచెం బిగుస్తున్నాయి. అది తప్పు కాదు. జపాన్‌లోని కావో సంస్థ, హొక్కైడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీని కారణం చూపించారు. ఆరిపోయిన నూలు పోగుల మీద కూడా కొద్దిపాటి నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి, అవే పోగుల్ని ఒకదానికొకటి జిగురులా అతికిస్తాయి. సబ్బు లేకపోయినా, సున్నం లేకపోయినా అది జరుగుతుంది. ఆరేసేముందు రెండుసార్లు, తీసేముందు రెండుసార్లు గట్టిగా దులిపితే చాలు.

ఇక మెషిన్ రబ్బరు. కొన్ని కంపెనీలు తమ మాన్యువల్‌లోనే వెనిగర్ వాడొద్దని రాస్తాయి, గాస్కెట్లు, గొట్టాలు పాడవుతాయని. గాఢంగా, రోజూ, ఎక్కువసేపు అంటుకుని ఉంటే ఆ భయం నిజమే. అందుకని వారానికి రెండే ఉతుకులకి, తువ్వాళ్లు, దుప్పట్లు, పిల్లాడి బనియన్లు ఉన్నవాటికి మాత్రమే వెనిగర్ అని నిర్ణయించాం. సాగే ఎలాస్టిక్ బట్టలకి వద్దన్నాను. రంగున్న వెనిగర్ కూడా వద్దు, తెల్లటిదే, లేకపోతే తెల్ల దుప్పటి మీద మరక పడొచ్చు.

మూడో నెల ఫిల్టర్ చూడ్డానికి వెళ్లాను. గాస్కెట్ మడతలో కొంచెం తడి, జిగురు లేదు. వెనిగర్ సీసా మెషిన్ పక్కన ఉంది, పక్కనే పాత మందు సీసా ఒకటి, దాని మీద మార్కర్‌తో 80 దగ్గర గీత. బ్లీచ్ సీసా ఆ గదిలో లేదు. అత్తగారు నన్ను కూర్చోబెట్టి, నల్లగుడ్డ తెచ్చి, ఆరిన తువ్వాలును దాని మీద తనే గట్టిగా రుద్ది నా ముందు పరిచారు. నాలుగైదు తెల్ల పోగులు తప్ప పొడి లేదు. "చూడు బాబూ" అన్నారు.